వేడెక్కని డ్రైవు

“ఎంతసేపు కాపీ చేసినా చల్లగానే ఉంటోందండి మేడమ్! మా పాతదాని మీద అయితే అప్పడాలు కాల్చుకోవచ్చు” అన్నాడు పిఠాపురం వీడియోగ్రాఫరు. మెచ్చుకుంటూనే అన్నాడు. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, వారం క్రితం మా కంప్యూటర్ షాపులో కొన్న డ్రైవునే జేబులోంచి తీసి, బుగ్గకి ఆనించుకుని మరీ చూపించాడు.

ఆ మాట నాకు మెచ్చుకోలులా వినిపించలేదు.

మా చిన్నవాడికి జ్వరం వస్తే ఒళ్ళు కాలుతున్నందుకు భయపడతాను. నుదురు కాలిపోతూ అరికాళ్ళు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ భయపడతాను. ఆ డ్రైవు సంగతీ అలాంటిదే. లోపల చిప్పు గట్టిగా పనిచేస్తే వేడి పుట్టి తీరాలి. ఆ వేడిని బయటి అల్యూమినియం ఒంటికి చేరవేయడానికి మధ్యలో ఒక మెత్తటి ప్యాడ్ పెడతారు. నేను పరీక్షించి మార్కులు వేసిన డ్రైవు అరగంట కాపీ చేస్తే వేడి టీ గ్లాసు పట్టుకున్నట్టుండేది. అది వేడెక్కుతుంది కాబట్టే దానికి మంచి మార్కులు వేశాను. అదే పేరు, అదే పెట్టె, అదే రంగు. ఇతనిది మాత్రం చల్లగా ఉందట. మరి ఆ వేడంతా ఎక్కడికి పోతోంది?

పదవీ విరమణ చేసినవాళ్ళు రాసుకునే ఉద్యోగ జ్ఞాపకాలు ఈ వయసులో నేను రాయడం కొంచెం విడ్డూరమే. నాకు సన్మానం జరగలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశానంతే. అయినా ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు చెప్పాలనిపించి, మా పిల్లలిద్దరూ నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక పెద్ద కంప్యూటర్ షాపు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఇద్దరు పిల్లలు పుట్టి, చిన్నవాడు బడికి అలవాటు పడ్డాక అక్కడ చేరాను. ధవళేశ్వరం నుంచి రోజూ ఆటోలో వెళ్ళి వచ్చేదాన్ని. కొత్తగా ఏ సరుకు వచ్చినా ముందు ఒక శాంపిల్ నా బల్ల మీదికి వచ్చేది. వాడి చూసి, వేగానికి, తయారీకి, ధరకు తగ్గ విలువకు పదేసి మార్కులకు ఎన్నో చెప్పడం నా పని. నేను తక్కువ వేసినదాన్ని ఓనరుగారు తెప్పించేవారు కాదు. మొదట్లో నిజంగానే అలా జరిగేది. ఆ మాట దాచను.

పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు, అంటే ఈ డ్రైవులు, మా దగ్గర ఎక్కువగా కొనేది పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు. అన్నవరం కొండ మీద ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రోజు ఒకే టీము రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటుంది. మొదటి పెళ్ళి అవగానే ఒక మూల కూర్చుని, కెమెరాల్లోని మెమరీ కార్డులన్నీ ల్యాప్‌టాప్ ద్వారా అరచేతిలో ఇమిడే ఈ డ్రైవులోకి కాపీ చేస్తారు. వెంటనే కార్డులు చెరిపేసి, వాటితోనే రెండో పెళ్ళికి పరుగెడతారు. రెండో కాపీ తీసుకోవడం ఇంటికి చేరాకే. ఈలోగా ఒక పెళ్ళి మొత్తం, మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా, ఆ ఒక్క డబ్బాలోనే ఉంటుంది.

అందుకే నేను వాళ్ళలాగే పరీక్షించేదాన్ని. ఒక సినిమా కాపీ చేసి “అబ్బ, ఏం స్పీడు!” అనుకోవడం ఎవరైనా చేస్తారు. పెట్టె మీద అచ్చేసిన వేగం ఆ మొదటి కాసేపటిదే. నేను ఒక పెళ్ళి ఫుటేజ్ మొత్తం ఆపకుండా పోసేదాన్ని, ఫ్యాను కట్టేసి, కల్యాణ మండపంలో ఉక్కలో కూర్చున్నట్టు. తయారీలోనూ అంతే. నెయ్యి అంటిన చేతుల్లోంచి జారిపోతుందా? తలంబ్రాల గింజ కేబుల్ దూర్చే చోట ఇరుక్కుంటే తీయడానికి వీలుంటుందా? బెత్తెడు కేబుల్ ఇచ్చి డ్రైవును ల్యాప్‌టాప్‌కి చెవి లోలాకులా వేలాడదీశారా? ఇవన్నీ చూశాకే అడిగిన ధరకు అది తగునో కాదో చెప్పేదాన్ని.

ఈ డ్రైవు శాంపిల్ అన్నింటిలోనూ నెగ్గింది. నాకెంత నచ్చిందంటే, మా పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ అందులో పెట్టుకున్నాను. (మా ఇంట్లో ప్రతి ఫోటోకీ మూడు కాపీలుంటాయి. నా కంగారు అలాంటిది.) ఈ సంగతి ఓనరుగారికి తెలిసింది.

“అమ్మా, ఈ ముక్కే వీడియోలో చెప్పండి. తల్లి మాట కదా, జనం నమ్ముతారు” అన్నారు.

చెప్పాను. అప్పటికి అది నిజం. ఎర్రచీర కట్టుకుని, డ్రైవు చేత్తో పట్టుకుని, మార్కులన్నీ చెప్పి, చివర్లో గుండె మీద చెయ్యి వేసుకుని, “మా పిల్లల ఫోటోలు నేను ఇందులోనే దాచుకుంటానండి!” అన్నాను. షాపులో పెద్ద టీవీ మీద అది రోజంతా తిరిగేది. ఫోన్లలోనూ తిరిగింది. ఆటోవాళ్ళు గుర్తుపట్టి, “ఫోటోలు దాచుకునే మేడమ్ గారు కదండీ?” అనేవారు. మా అమ్మాయి తువ్వాలు చీరలా చుట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని అచ్చు నాలాగే ఆ మాట అనేది. చిన్నవాడు చప్పట్లు కొట్టేవాడు. మురిసిపోయాను. ఎందుకు మురవను?

ఆ రోజు ఆ వీడియోగ్రాఫరు వచ్చింది ఇంటి దగ్గర రెండో కాపీలకని ఇంకో రెండు డ్రైవులు కొనడానికి.

“ఒక్క పూట ఆగండి. నేనొకసారి చూసి ఇస్తాను” అన్నాను.

“రేపు సాయంత్రమే అన్నవరంలో పెళ్ళండి, దాని వెనకాలే తెల్లవారుజామున ఇంకోటి. నేను ఆగినా పెళ్ళికొడుకులు ఆగొద్దాండీ?” అని నవ్వాడు. పక్కనుంచి మా సేల్స్ మేనేజరు, “మేడమ్ గారు పరీక్ష పెట్టకుండా వాళ్ళ పిల్లలకి అన్నం కూడా పెట్టరండి” అంటూ బిల్లు చేతిలో పెట్టేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. టీవీలో నేను కూడా నవ్వుతున్నాను.

అతను వెళ్ళగానే అదే సరుకులోంచి ఒక పెట్టె విప్పాను. నా మామూలు పరీక్షే పెట్టాను. కాసేపు పరుగెత్తింది. తర్వాత నడిచింది. తర్వాత పాత పెన్‌డ్రైవులా పాకింది. చేత్తో ముట్టుకుంటే మట్టికుండలా చల్లగా ఉంది. ఇంకాసేపటికి ల్యాప్‌టాప్ అసలు అలాంటి డ్రైవే తగిలించలేదు పొమ్మంది. తీసి పక్కన పెట్టి, కొంతసేపాగి మళ్ళీ పెడితే ఏమీ ఎరగనట్టు పలికింది. నాకు భయం వేసింది ఇక్కడే. పూర్తిగా చచ్చేదైతే షాపులోనే బయటపడిపోతుంది. ఇది అలా కాదు, మంచిదానిలా నటించి, సరిగ్గా పెళ్ళి మధ్యలో చచ్చే రకం.

పక్కనే నగల కొట్టు. నా శాంపిల్‌నీ దీన్నీ తీసుకెళ్ళి తూచిపెట్టమన్నాను. ఆ పెద్దాయన రెండూ తూచి, దీన్ని రెండు వేళ్ళతో ఎగరేసి పట్టుకున్నారు.

“అది బంగారం, ఇది రోల్డ్ గోల్డ్ అమ్మా. ఏ పెళ్ళికి పెడుతున్నారేంటి?” అన్నారు.

ఆయన సరదాగానే అన్నారు. నేను నవ్వలేకపోయాను. వెనక్కి వచ్చి మరలు విప్పి చూశాను. ఒంటికి అల్యూమినియం రంగు పూసిన ప్లాస్టిక్. లోపల ప్యాడ్ లేదు. చిప్పు వేడి చిప్పు మీదే ఉండిపోతుంది.

రెండూ పట్టుకెళ్ళి ఓనరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన మర్యాదస్తుడు. మూడు తరాల వ్యాపారం. ఎవరినీ ఏకవచనంతో పిలవరు, గొంతు పెంచరు. ఇప్పటికీ నాకు కోపం తెప్పించేది ఆ గొంతే.

“ఈసారి సరుకు వేరే డీలరు ఇచ్చాడమ్మా. పెట్టె అదే, పేరు అదే. పైగా రేటు బాగా తగ్గించాడు.”

“ఎందుకు తగ్గించాడో అడిగారా అండి?”

“తగ్గించినవాణ్ణి ఎందుకు తగ్గించావని ఎవరైనా అడుగుతారా అమ్మా?”

నేను అడుగుతాను. ఎవరైనా టమాటాలు సగం ధరకి ఇస్తానంటే బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాను. ఇంట్లో తినే పిల్లలున్న ప్రతి ఆడదీ చూస్తుంది. ఆయన ఇంట్లో వాళ్ళూ చూస్తారు. చూడాల్సిన అవసరం లేనిది అమ్మేవాడికే.

“సరే అండి. ఈ సరుకు కొన్నవాళ్ళకి ఇప్పుడే ఫోన్లు చేద్దాం. వెనక్కి తీసుకుందాం. రేపు అన్నవరంలో పెళ్ళి ఉందండి.”

“చేద్దాం, చేద్దాం. ముహూర్తాలు దాటనివ్వండి. నడి సీజన్లో మనమే మన సరుకు బాగాలేదంటే షాపు పరువేం కావాలి? ఒక్కటి పోయింది గానీ అన్నీ పోతాయని ఏముంది?” అని, ఇంకా మెత్తగా అన్నారు. “మీకు కంగారు ఎక్కువమ్మా. తప్పులేదు. చిన్నపిల్లల తల్లులు అంతే. మా ఇంట్లోనూ ఇంతే.”

ఉద్యోగాల్లో చేరే అమ్మాయిలూ, ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. నా కంగారు వాళ్ళ సరుకును కాపాడినన్నాళ్ళూ దానికి జాగ్రత్త అని పేరు పెట్టారు, జీతమిచ్చారు, వీడియో తీశారు. అదే కంగారు వాళ్ళ వ్యాపారానికి అడ్డొచ్చిన మొదటి రోజున అది ఆడవాళ్ళ బలహీనత అయిపోయింది. నేనేమీ మారలేదు. పొద్దున్న ఎంత భయస్తురాలినో సాయంత్రమూ అంతే.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కకముందే వీడియోగ్రాఫరుకి ఫోన్ చేశాను. అతను నవ్వుతూ ఎత్తాడు.

“మీరు చేస్తారని రాత్రే చెప్పారండి మేనేజరుగారు! మేడమ్ గారు కొంచెం కంగారు మనిషి, ఏమైనా అంటే మనసులో పెట్టుకోకండి అన్నారు.”

నాకంటే ముందే ఫోన్ చేశారన్నమాట. సరుకు వెనక్కి తీసుకోవడానికి ముహూర్తాలు అడ్డొచ్చాయి గానీ, నా మాటకి ముందే విరుగుడు వేయడానికి ఏమీ అడ్డు రాలేదు.

“బాబూ, దయచేసి వినండి. ఆ సరుకులోదే ఒక డ్రైవు విప్పి చూశాను. అది నేను పరీక్షించింది కాదు. పాత డ్రైవు వాడుకోండి.”

“పాతది నిండిపోయిందండి. అయినా ఏంటండి మేడమ్, వీడియోలో మీరే కదండీ చెప్పారు, పిల్లల ఫోటోలు దాచుకుంటానని? అది చూసే కదండీ మా ఆవిడ కొనమంది. ఇప్పుడు మీరే కాదంటే నేను ఏ మేడమ్ మాట నమ్మాలండి?”

“ఇప్పుడు మాట్లాడుతున్న మేడమ్ మాట!”

“రాత్రి మళ్ళీ చూశానండి వీడియో. అంత నమ్మకంగా చెప్పారు మీరు.”

“పోనీ, ఒక్కటి చెయ్యండి. కార్డులు మాత్రం చెరపకండి. అంతే.”

“రెండో పెళ్ళికి కార్డులు కావాలి కదండీ!” అన్నాడు. పక్కనుంచి ఎవరో వ్యాను వచ్చిందని కేక పెట్టారు. “ఏం కాదండి, సత్యనారాయణ స్వామి ఉన్నాడు” అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సాయంత్రానికి స్విచాఫ్. పెళ్ళిలో ఉన్నప్పుడు ఫోన్ కట్టేసుకోవడం వాళ్ళ అలవాటే.

ఆ మాట చెప్పిన మనిషి బతికుండి, ప్రాధేయపడుతుంటే వినలేదు. టీవీలో చీర కట్టుకుని నిలబడ్డ బొమ్మ మాట విన్నారు. ఆ బొమ్మ కంగారు పడదు. దాని గొంతు వణకదు. దానికి సరుకు మారిన సంగతి తెలియదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం అతను షాపుకి వచ్చాడు. అవే బట్టలు, చొక్కా మీద పసుపు మరకలు. అప్పటిదాకా ఆ మనిషిని నవ్వు లేకుండా చూసి ఎరగను. డ్రైవును కౌంటరు మీద పెట్టాడు. మొదటి పెళ్ళి అందులోకి ఎక్కించి, కార్డులు చెరిపి రెండో పెళ్ళి తీశాడు. రెండోది ఎక్కిస్తుండగా డ్రైవు పోయింది. కాసేపాగితే పలికే పోవడం కాదు, ఇంక ఎక్కడ పెట్టినా పలకని పోవడం. రెండో పెళ్ళి కార్డుల్లో భద్రంగా ఉంది. మొదటి పెళ్ళి కార్డుల మీద రెండో పెళ్ళి కూర్చుంది. మొదటిది ఇంకెక్కడా లేదు.

“జీలకర్ర బెల్లం లేదండి. తాళి కట్టింది లేదండి. పెళ్ళికూతురి తండ్రికి చెప్పాను. ఆయన అరవలేదండి. ‘మళ్ళీ కట్టించమంటారా?’ అని అడిగాడు, అంతే.”

ఓనరుగారు లేచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించారు. తర్వాత అన్నారు:

“మీరేం దిగులు పెట్టుకోకండి. వారంటీ ఉంది. కొత్త డ్రైవు ఇప్పుడే ఇచ్చేస్తాం.”

మేనేజరు అప్పటికే పెట్టె తెచ్చాడు. అదే సరుకులోంచి!

ఆ పెట్టె చూస్తూ వీడియోగ్రాఫరు నావైపు తిరిగాడు. “మిమ్మల్ని నమ్మానండి మేడమ్” అన్నాడు. సరిగ్గా అతని తల వెనక, గోడ మీద, ఎర్రచీర కట్టుకున్న నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. “మా పిల్లల ఫోటోలు నేను ఇందులోనే...”

స్టూలు లాక్కుని ఎక్కాను. టీవీ ప్లగ్గు పీకేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఇక్కడున్నవాళ్ళందరికీ చెబుతున్నాను. ఈ డ్రైవు నేను పరీక్షించింది కాదు. నా మార్కులు దీనివి కావు. కొనకండి.”

కౌంటరు దగ్గర అదే పెట్టె చేత్తో పట్టుకుని ఉన్న ఒకాయన దాన్ని మెల్లగా కింద పెట్టాడు. మేనేజరు, “దిగండి మేడమ్, పడతారు” అన్నాడు. ఓనరుగారి మొహం ఎర్రబడింది గానీ గొంతు మాత్రం పెరగలేదు.

“అమ్మా, లోపలికి రండి. మాట్లాడుకుందాం.”

“ఇక్కడే మాట్లాడండి. ఆ వీడియో తీసెయ్యండి. షాపులోదీ, ఫోన్లలోదీ.”

“వీడియో షాపుదమ్మా. ఖర్చు పెట్టి తీయించాం. మీరు ఉద్యోగంలో ఉండగా చెప్పిన మాట అది.”

“మొహం నాది. పిల్లలు నా పిల్లలు.”

“ఆవేశపడుతున్నారు. రెండు రోజులు సెలవు తీసుకోండి. పిల్లలతో గడపండి.”

అప్పుడు చెప్పులు వేసుకున్నాను. నా బల్ల మీద ఉన్న మంచి శాంపిల్, మా పిల్లల ఫోటోలున్నది, సంచిలో వేసుకున్నాను. అది షాపుదే. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వీడియోగ్రాఫరు మెట్ల దాకా నా వెనకే వచ్చాడు. అతని కోపం నా మీదో, వాళ్ళ మీదో, తన మీదో అతనికే తెలిసినట్టు లేదు.

“ఫోన్లో మీరు ఏడుస్తున్నారనుకున్నానండి. అందుకే నమ్మలేదు” అన్నాడు.

ఏడ్చినట్టుంటే అబద్ధం, నవ్వుతూ చెబితే నిజం. ఎవరు నేర్పారో గానీ లోకమంతా ఇలాగే వింటోంది.

ఇంటికి రాగానే నా ఫోన్లోనే ఒక చిన్న వీడియో తీసి పెట్టాను. సరుకు మారిందని, ఎలా గుర్తుపట్టాలో, కొన్నవాళ్ళు ఏం చేయాలో చెప్పాను. అది చూసి ఇద్దరు ముగ్గురు వీడియోగ్రాఫర్లు ఫోన్ చేశారు. వాళ్ళ పెళ్ళిళ్ళు బతికాయి. చాలామంది చూడలేదు. అందులో నేను ఎర్రచీర కట్టుకోలేదు, జుట్టు దువ్వుకోలేదు. షాపువాళ్ళ వీడియో మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. మొన్న ఒక ఆటోవాడు మళ్ళీ అడిగాడు, “ఫోటోలు దాచుకునే మేడమ్ గారు కదండీ?” అని. కాదని చెప్పి దిగిపోయాను.

కొత్తగా పనిలో చేరే పిల్లలూ, మీరు దేనికి మార్కులు వేసినా, చేతిలో ఉన్న ఆ ఒక్కదానికే వేస్తున్నానని గట్టిగా చెప్పండి. రేపు వచ్చే సరుకుకి కాదని చెప్పండి. మీ పని అమ్ముకోండి. మీ మొహం, మీ ఇంట్లోవాళ్ళ పేరు, మీ ప్రేమ అమ్మకానికి ఇవ్వకండి. అవి మీరు రాజీనామా చేసినా వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. నేను ఉద్యోగం వదిలి వచ్చాను. నా గొంతు ఇంకా అక్కడే, జీతం లేకుండా పనిచేస్తోంది.

నేను బయటికి వచ్చేసిన మర్నాడు పొద్దున్న, మా అమ్మాయికి జడ వేస్తున్నాను. చిన్నవాడు ఇడ్లీ ముందు పెట్టుకుని పేచీ పెడుతున్నాడు. వాణ్ణి నవ్వించడానికని అది గుండె మీద చెయ్యి వేసుకుని, “మా పిల్లల ఫోటోలు నేను ఇందులోనే దాచుకుంటానండి!” అంది. వాడు కిలకిల నవ్వి నోరు తెరిచాడు.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. దాన్ని నావైపు తిప్పుకున్నాను.

“అమ్మలూ, ఆ మాట ఇంక అనకు.”

“ఎందుకమ్మా? బాగా రాలేదా?”

“బాగా వచ్చింది. అచ్చు నాలాగే వచ్చింది. అందుకే వద్దంటున్నాను.” ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాను. “టీవీలో ఉన్న అమ్మకి ఆ డబ్బాలో ఏం పెట్టారో తెలీదు. ఈ అమ్మకి తెలుసు. మీ బళ్ళో ఎవరైనా, మీ ఫ్రెండ్స్ నాన్నగార్లెవరైనా ఆ మాట అంటే, మా అమ్మ ఆ మాట వెనక్కి తీసేసుకుంది అని చెప్పండి.”

“నవ్వుతూ చెప్పాలా?” అని అడిగింది మా అమ్మాయి.

“వద్దు. కోపంగా చెప్పండి” అన్నాను.